టాలియెసిన్: ఇల్లు కట్టడమే పాఠంగా సాగిన విద్యాలయం

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన 91 ఏళ్ల జీవితంలో 48 ఏళ్లపాటు ఒకే ఇంటిని కడుతూ, కాలిపోయినప్పుడు మళ్లీ లేపుతూ, ఏ నష్టమూ జరగని రోజుల్లో కూడా గోడలు జరుపుతూ, గదులు పెంచుతూ వచ్చారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో స్ప్రింగ్ గ్రీన్ అనే ఊరికి దగ్గరగా, విస్కాన్సిన్ నదికి దక్షిణాన ఉన్న ఆ ఇంటి పేరు టాలియెసిన్. దాని చుట్టూ ఉన్న పొలాలు, పశువుల కొట్టాలు, ఆయన సోదరి కుటుంబానికి కట్టిన ఇల్లు, ఆయన పినతల్లులు నడిపిన బడి భవనాలు అన్నీ కలిపితే 600 ఎకరాలకు పైబడిన ఎస్టేటు అవుతుంది. 1932లో ఆ ఎస్టేటులోనే రైట్, ఆయన భార్య ఒల్గివన్నా కలిసి టాలియెసిన్ ఫెలోషిప్ అనే శిక్షణ సంస్థను ప్రారంభించారు. ఇంటి చరిత్రను, సంస్థ చరిత్రను సాధారణంగా విడివిడిగా చెబుతుంటారు. మొదటిదానిలో హత్యలు, అగ్నిప్రమాదాలు, అప్పులు కనిపిస్తాయి. రెండవదానిలో ప్రసిద్ధులైన శిష్యుల పేర్లు కనిపిస్తాయి. అలా విడదీసి చూసినప్పుడు అసలు సంగతి చేజారిపోతుంది. ఆ ఎస్టేటును కట్టడం, బాగుచేయడం, పొలం దున్నడం, అందరికీ వండిపెట్టడం, ఇవే అక్కడి పాఠాలు. ఆ విద్యాలయం సాధించిన గొప్ప పనులకూ, దాని మీద వచ్చిన తీవ్రమైన విమర్శలకూ, చివరికి అది తాను పుట్టిన చోటును వదిలి వెళ్లవలసి రావడానికీ మూలం ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది.

ఈ ఏర్పాటు రైట్‌కు పుస్తకాల నుంచి అబ్బినది కాదు. ఆయన తల్లి ఆనా లాయిడ్ జోన్స్ వేల్స్ నుంచి వలస వచ్చిన, యూనిటేరియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టారు. ఆ కుటుంబం 19వ శతాబ్దపు మధ్యకాలంలో టాలియెసిన్ ఉన్న ఈ లోయకు చేరి, భూములు సంపాదించి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పక్కపక్కనే స్థిరపడ్డారు. 1867లో పుట్టిన రైట్‌ను కౌమారంలో వేసవి సెలవులకు మేనమామ జేమ్స్ పొలానికి పంపేవారు. తెల్లవారకముందే లేచి పాలు పితకడం, గడ్డి కోయడం, కంచెలు కట్టడం వంటి పనుల మధ్య, అలుపు మీద అలుపును చేర్చుకుంటూ పోవడం ఎలాగో అక్కడే నేర్చుకున్నానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఒళ్లు వంచి పనిచేయడం వల్ల బుద్ధి కూడా పదునెక్కుతుందన్న ఆయన నమ్మకానికి ఆ వేసవులే పునాది. అరవై ఐదేళ్ల వయసులో ఆయన పట్టణాల నుంచి వచ్చిన యువతీయువకుల చేతికి పారలు, గొడ్డళ్లు ఇచ్చినప్పుడు తన బాల్యపు శిక్షణనే వారికి అందిస్తున్నానని భావించారు.

లోయలో మొదటి బడిని పెట్టింది మాత్రం రైట్ కాదు. ఆయన పినతల్లులు ఎలెన్, జేన్ ఇద్దరూ అవివాహితలు, అనుభవమున్న ఉపాధ్యాయినులు. వారు 1886లో హిల్‌సైడ్ హోమ్ స్కూల్ పేరుతో బాలబాలికలు కలిసి ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలను స్థాపించారు. బాలురనూ బాలికలనూ ఒకే వసతి బడిలో చేర్చుకోవడం ఆ కాలానికి అరుదైన విషయం. పాఠ్యపుస్తకాలను వల్లెవేయడం కన్నా ప్రకృతిని గమనించడానికి, చేతులతో చేసి నేర్చుకోవడానికి అక్కడ ఎక్కువ విలువ ఉండేది. ఆ బడికి 1887లో తొలి భవనాన్ని రూపొందించినది అప్పటికి ఇరవై ఏళ్లు నిండీ నిండని రైట్. సుమారు పదేళ్ల తరువాత బడికి నీరందించే గాలిమర అవసరమైనప్పుడు, ఒక ఎనిమిది మూలల గోపురాన్నీ, దానిలోకి చొచ్చుకుపోయే వజ్రాకారపు గోపురాన్నీ ఒకదానితో ఒకటి పెనవేసి ఆయన గీసిన నమూనాను చూసి, ఇది మొదటి గాలివానకే పడిపోతుందని మేనమామలు తేల్చేశారు. పినతల్లులు మాత్రం అక్క కొడుకు మాటే నమ్మి డబ్బు పెట్టారు. రోమియో అండ్ జూలియట్ అని పేరుపడిన ఆ గాలిమర, దాన్ని కాదన్న మేనమామలందరి కన్నా ఎక్కువ కాలం నిలబడింది. 1990ల ఆరంభంలో దానిని పునర్నిర్మించారు. నిర్మాణంలో ప్రయోగం చేసే స్వేచ్ఛను రైట్‌కు మొదట ఇచ్చిన యజమానులు ఈ ఇద్దరు ఉపాధ్యాయినులే అన్న విషయం ఆయన జీవితకథల్లో తగినంతగా కనిపించదు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో వారి కోసమే ఆయన స్థానిక రాయితో, ఓక్ కలపతో కట్టిన రెండవ బడి భవనం నేటికీ ఎస్టేటులో ప్రధాన కట్టడాల్లో ఒకటి.

హిల్‌సైడ్ బడి 1915లో మూతపడింది. అప్పుల బరువు దానిని కుంగదీసింది. అంతకు ముందు ఏళ్లలో అక్క కొడుకు వ్యక్తిగత జీవితంపై చెలరేగిన దుమారం కూడా బడి ప్రతిష్ఠకు మేలు చేయలేదు. భవనాలు రైట్ చేతికి వచ్చాయి. ఎప్పటికైనా వాటిలో విద్యను కొనసాగిస్తానని ఆయన పినతల్లులకు మాట ఇచ్చారు. ఆ మాట నెరవేరడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

ఆ దుమారానికి కారణం 1909 నాటి సంఘటనలు. షికాగో శివారు ఓక్ పార్క్‌లో పేరూ సంపాదనా ఉన్న వాస్తుశిల్పిగా స్థిరపడిన రైట్, భార్యనూ ఆరుగురు పిల్లలనూ వదిలి, తనకు ఇల్లు కట్టించుకున్న ఒక కుటుంబపు గృహిణి మేమా బోర్త్‌విక్ చీనీతో యూరప్‌కు వెళ్లిపోయారు. తిరిగి వచ్చాక పట్టణ సమాజంలో వారికి చోటు లేదు. 1911లో తల్లి కొన్న స్థలంలో, తన వారి భూముల మధ్య, రైట్ టాలియెసిన్‌ను మొదలుపెట్టారు. వేల్స్ దేశపు ప్రాచీన కవి పేరును ఇంటికి పెట్టారు. కొండ శిఖరాన్ని ఆక్రమించకుండా, శిఖరానికి కాస్త దిగువన, కొండ నడుము చుట్టూ ఇంటిని చుట్టినట్టుగా అమర్చారు. దగ్గరి గని నుంచి తెచ్చిన సున్నపురాయిని, అది నేలలో పొరలుపొరలుగా ఉన్న తీరులోనే గోడల్లో పేర్చారు. గిలాబాకు నది ఇసుకను వాడారు. చూరుకు నీటి గొట్టాలు పెట్టనందువల్ల చలికాలంలో మంచు కరిగి జారి, చూరు పొడవునా మంచు ఊచలు వేలాడేవి. అది ఆయన కోరి చేసిన ఏర్పాటు. నివాసం, పటాలు గీసే డ్రాఫ్టింగ్ గది, పనివారి వసతి, పశువుల కొట్టం అన్నీ ఒకే కప్పుల వరుస కింద, ముంగిళ్లతో కలిసి ఉండేవి. ఒక వాస్తుశిల్పి ఇంట్లో వృత్తి, వ్యవసాయం, సంసారం మూడూ ఒకే పథకంలో ఇమడడం అంటే, ఫెలోషిప్‌కు కావలసిన రూపం ఇరవై ఏళ్లు ముందుగానే రాతిలో, కలపలో తయారై ఉందన్నమాట.

ఆ తొలి ఇల్లు మూడేళ్లు మాత్రమే నిలిచింది. 1914 ఆగస్టు 15న, రైట్ షికాగోలో మిడ్‌వే గార్డెన్స్ పనిమీద ఉండగా, ఇంటి పనివాడు జూలియన్ కార్ల్‌టన్ భోజన సమయంలో ఇంటికి నిప్పు పెట్టి, తప్పించుకోబోయినవారిపై గొడ్డలితో దాడిచేశాడు. మేమా, ఆమె ఇద్దరు పిల్లలు, పనిలో ఉన్న మరో నలుగురు, మొత్తం ఏడుగురు మరణించారు. నిందితుడు కొన్ని వారాలకు జైలులోనే చనిపోవడంతో కారణం ఎన్నటికీ తేలలేదు. రైట్ కొద్ది నెలల్లోనే కాలిపోయిన భాగాన్ని తిరిగి కట్టించడం మొదలుపెట్టారు. 1925 ఏప్రిల్‌లో విద్యుత్ తీగల లోపం వల్ల చెలరేగిందని భావించే మరో మంట నివాస భాగాన్ని బూడిద చేసింది. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కట్టిన ఏళ్లలో ఆయన సేకరించిన ఆసియా కళాఖండాల్లో చాలా భాగం దానితోనే పోయాయి. మూడవసారి కట్టినప్పుడు, మంటల్లో పగిలిన శిల్పాల ముక్కలను, రంగు మారిన రాళ్లను కొత్త గోడల్లోనే పొదిగించారు. పునర్నిర్మాణానికి చేసిన అప్పులు తీరక, రెండవ భార్య మిరియంతో విడాకుల వ్యాజ్యం తెగక, ఎస్టేటు బ్యాంకు చేతికి పోయింది. కొంతకాలం రైట్ తన ఇంట్లోకే అడుగుపెట్టలేని స్థితి వచ్చింది. పాత యజమానులు, మిత్రులు కలిసి ఆయన భవిష్యత్ సంపాదనపై వాటాలు కొని, ఆయన పేరిట ఒక కంపెనీని ఏర్పాటుచేసి, 1928లో ఆయనను తిరిగి ఆ ఇంటికి చేర్చారు. ఆ ఏడాదే ఆయన ఒల్గివన్నాను వివాహం చేసుకున్నారు.

మాంటెనెగ్రోలో పుట్టిన ఒల్గివన్నా పాత్రను రైట్ అభిమానులు కొందరు తక్కువ చేసి చూపుతారు, మరికొందరు నిందతో మాత్రమే తలచుకుంటారు. ఫ్రాన్స్‌లో గుర్జియెఫ్ అనే ఆధ్యాత్మిక గురువు నడిపిన ఆశ్రమంలో ఆమె శిష్యురాలిగా గడిపారు. వంటపని, తోటపని, నిర్మాణం, సంగీతం, నృత్యం అన్నింటినీ ఆత్మశిక్షణలో భాగంగా చూసే ఆ పద్ధతిని ఆమె స్వయంగా అనుభవించి వచ్చారు. మేనమామ పొలంలో రైట్ నేర్చినదీ, గుర్జియెఫ్ దగ్గర ఆమె నేర్చినదీ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. 1928లో విశ్వవిద్యాలయం అండతో అనుబంధ కళల పాఠశాల ఒకటి పెట్టాలని రైట్ వేసిన పథకం డబ్బు లేక ఆగిపోయింది. 1929 ఆర్థిక పతనం తరువాత ఆయనకు కట్టడానికి భవనాలూ లేవు. ఆయన కాలం అయిపోయిందని వృత్తిలోని చాలామంది భావించారు. అటువంటి సమయంలో, పెద్ద ఆచార్యవర్గం అక్కరలేని, జీతాల బెడద లేని, ఎస్టేటునే పెట్టుబడిగా వాడుకునే శిక్షణ సంస్థ ఆలోచన ఆ దంపతులకు తట్టింది. 1932 శరదృతువులో మొదటి జట్టు శిష్యులు వచ్చి చేరారు. ఏడాది రుసుము 650 డాలర్లు. మరుసటి ఏడాదే దానిని 1,100 డాలర్లకు పెంచారు. మహామాంద్యం నడుమ అది చిన్న మొత్తం కాదు.

వచ్చినవారికి తరగతి గదులు, పరీక్షలు, మార్కులు, పట్టాలు ఏవీ లేవు. వారి ముందున్నది పదిహేడేళ్లుగా పాడుబడి, కిటికీలు పగిలి, కప్పులు కారుతున్న హిల్‌సైడ్ బడి. దానిని బాగుచేయడమే మొదటి పాఠమైంది. కలప కొనే డబ్బు లేక చెట్లు నరికి పచ్చి కలపనే కోసి వాడారు. సిమెంటుకు, సున్నానికి డబ్బు లేక కొండ రాయినే బట్టీ పెట్టి సున్నం కాల్చారు. గనిలోకి దిగి రాయి తీశారు. పాత వ్యాయామశాలను నాటకశాలగా మార్చి 1933లో తెరిచారు. దాని పక్కన కొత్త డ్రాఫ్టింగ్ గదిని మొదలుపెట్టి ఏళ్ల తరబడి కట్టారు. ఓక్ దూలాలను త్రికోణాలుగా కలిపిన ఆ గది కప్పు కింద నిలబడితే కొమ్మల మధ్య నుంచి వెలుగు దిగుతున్నట్టు ఉంటుంది. ఒక దూలం తన బరువును ఎక్కడికి పంపుతుందో ఆ శిష్యులు లెక్కల పుస్తకంలో కాక భుజం మీద తెలుసుకున్నారు. వంటశాలలో వంతులు, పాలు పితకడంలో వంతులు, కొలిమికి అర్ధరాత్రి కట్టెలు వేయడంలో వంతులు ఉండేవి. ఆదివారం సాయంత్రం మాత్రం అందరూ మంచి దుస్తులు వేసుకుని రైట్ ఇంటి పెద్ద గదిలో విందుకూ సంగీతానికీ చేరేవారు. పాడేవారి బృందం, తంత్రీవాద్య బృందం శిష్యులలోంచే ఏర్పడ్డాయి. స్త్రీలను కూడా తొలి నుంచే శిష్యులుగా చేర్చుకున్నారు.

డిజైన్ శిక్షణ నిర్ణీత పాఠ్యక్రమంలో సాగేది కాదు. రైట్ బొమ్మ గీస్తున్నప్పుడు చుట్టూ చేరి చూడడం, ఆయన ముసాయిదాలను కొలతలతో కూడిన నిర్మాణ పటాలుగా మార్చడం, అప్పుడప్పుడు నిర్మాణ స్థలంలో పర్యవేక్షకుడిగా నిలబడడం, ఇంతే. ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కూ రైట్ పుట్టినరోజుకూ, శిష్యులు తమ సొంత రూపకల్పనలను అలంకరించిన పెట్టెలో పెట్టి ఆయనకు సమర్పించేవారు. ఆయన ఒక్కొక్కటీ తీసి అందరి ముందూ వ్యాఖ్యానించేవారు. సొంత ఊహకు అక్కడ అధికారికంగా దొరికిన చోటు దాదాపు ఆ పెట్టె మాత్రమే.

దీనిని మన గురుకులాలతో పోల్చాలనిపించడం సహజం, కొంత దూరం ఆ పోలిక నడుస్తుంది కూడా: గురువు ఇంట్లో నివాసం, సేవ ద్వారా విద్య, పట్టా కన్నా సాన్నిధ్యానికి విలువ. అయితే గురుకుల సంప్రదాయంలో శుశ్రూష చేసేవాడు రుసుము చెల్లించడు, చెల్లించగలవాడు శుశ్రూష నుంచి కొంత మినహాయింపు పొందుతాడు. టాలియెసిన్‌లో శిష్యుడు డబ్బూ ఇచ్చాడు, శ్రమా ఇచ్చాడు, దాని పైన రైట్ వృత్తికి కావలసిన పటాలు కూడా గీసి ఇచ్చాడు. విమర్శకులు దీనిని ఉచిత శ్రమ అన్నారు, ఆ మాటలో నిజం ఉంది. తాము స్వయంగా తెచ్చుకున్న పనుల మీద వచ్చే రుసుము ఎవరికి చెందాలన్న తగాదా కూడా తలెత్తింది. మొదటి జట్టులోని ముఖ్యుడు ఎడ్గర్ టాఫెల్ 1941లో బయటికి వెళ్లిపోయారు. అయినా ఈ లెక్కకు రెండవ వైపు ఉంది. ఆ రోజుల్లో ఒక ఇరవై రెండేళ్ల యువకుడికి, జలపాతం మీద రైట్ కట్టిన ఇల్లు ఫాలింగ్‌వాటర్ వంటి భవనపు పని స్థలంలో గురువు ప్రతినిధిగా నిలబడే అవకాశం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వగలిగేది కాదు.

ఫాలింగ్‌వాటర్ కథలో ఎస్టేటు, విద్యాలయం, వృత్తి ఎంతగా ముడిపడ్డాయో స్పష్టంగా తెలుస్తుంది. పిట్స్‌బర్గ్ వ్యాపారి ఎడ్గర్ కౌఫ్‌మన్ కుమారుడు 1934లో శిష్యుడిగా చేరాడు. కొడుకును చూడడానికి వచ్చిన తండ్రి రైట్‌కు యజమాని అయ్యాడు. రైట్ ఊహించిన బ్రాడేకర్ నగరపు భారీ నమూనాకు కౌఫ్‌మన్ డబ్బు ఇచ్చాడు. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న ఆ నమూనాను 1935 శీతకాలంలో అరిజోనాలో శిష్యులే చేత్తో తయారుచేశారు. అదే ఏడాది జలపాతం మీద ఇంటి పటాలు టాలియెసిన్‌లో తయారయ్యాయి. టాఫెల్, బాబ్ మోషర్ పని స్థలంలో పర్యవేక్షకులయ్యారు. ఇంజినీరింగ్ తెలిసిన శిష్యుడు వెస్ పీటర్స్ లెక్కలు చూశారు. జాన్సన్ వ్యాక్స్ కార్యాలయం, సాధారణ కుటుంబాల కోసం రైట్ ఆలోచించిన యుసోనియన్ ఇళ్లు, మరెన్నో ఆ డ్రాఫ్టింగ్ గది నుంచి వచ్చాయి. ఫెలోషిప్ లేకుంటే 65 ఏళ్లు దాటిన రైట్‌కు ఈ రెండవ జీవితం దక్కేదా అంటే, దక్కేది కాదనే చెప్పాలి. ఆయనకు కావలసిన చేతులు అక్కడ ఉన్నాయి, కొత్త పనులు తెచ్చే పరిచయాలు వారి కుటుంబాల ద్వారా వచ్చాయి, పని లేని నెలల్లో జీతాలు ఇచ్చి కార్యాలయాన్ని నిలబెట్టవలసిన భారం లేదు.

1936 చివర్లో రైట్‌కు తీవ్రమైన న్యుమోనియా సోకడంతో, శీతకాలాన్ని వెచ్చని చోట గడపమని వైద్యులు సలహా ఇచ్చారు. అరిజోనాలో స్కాట్స్‌డేల్ దగ్గర, మెక్‌డోవెల్ కొండల పాదంలో ఎడారి భూమి కొని, 1938 నుంచి శిష్యుల చేతనే టాలియెసిన్ వెస్ట్ కట్టించడం మొదలుపెట్టారు. చెక్క మూసల్లో ఎడారి రాళ్లను చదునైన ముఖం బయటికి వచ్చేలా నిలిపి, వెనుక కాంక్రీటు పోసి గోడలు లేపారు. రెడ్‌వుడ్ దూలాల మీద తెల్లని కాన్వాసు గుడ్డను కప్పుగా పరిచారు. శిష్యులు మొదట గుడారాల్లో, తరువాత తాము స్వయంగా కట్టుకున్న చిన్న ఆశ్రయాల్లో ఉండేవారు. ఎడారిలో తన గూడును తానే రూపొందించి, కట్టి, అందులోనే పడుకోవడం నా దృష్టిలో ఫెలోషిప్ పద్ధతిలోని అత్యుత్తమ అభ్యాసం: తప్పుగా పెట్టిన కిటికీ గుండా ఎండ ముఖాన కొట్టేది, కట్టినవాడికే కొట్టేది. విస్కాన్సిన్‌లో గురువు ఇంటికి రాళ్లు మోసిన శిష్యుడికి ఇక్కడ తన నిర్ణయాల ఫలితం తనకే దక్కింది. భారతదేశం నుంచి వెళ్లిన మాన్‌సింగ్ రాణా, గిరా సారాభాయ్ స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో రైట్ దగ్గర శిక్షణ పొందినవారే.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ సమాజాన్ని కుదిపింది. రైట్ యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. శిష్యుల్లో పలువురు సైన్యంలో చేరడానికి నిరాకరించారు, ఆయన ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్ జాక్ హౌ సహా కొందరు జైలుకు వెళ్లారు. గురువు తన అభిప్రాయాలను యువకుల మీద రుద్దాడన్న ఆరోపణ అప్పుడు గట్టిగా వినిపించింది. యుద్ధం తరువాత మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన విద్యా సహాయంతో కొత్త శిష్యులు వచ్చి బలగం తిరిగి పెరిగింది.

1950ల్లో వచ్చిన పన్ను వివాదం పైకి చిన్న విషయంగా కనిపించినా, ఈ సంస్థ స్వభావం మీద ఒక న్యాయస్థానం వేసిన అసలు ప్రశ్న అదే. 1940లో ఏర్పడిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఫౌండేషన్ పేరిట ఎస్టేటు ఉంది. విద్యాసంస్థ కాబట్టి భూమి పన్ను నుంచి మినహాయింపు కావాలని ఫౌండేషన్ వాదించింది. స్థానిక వ్యోమింగ్ టౌన్ పాలకవర్గం ఒప్పుకోలేదు. 1954లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఫౌండేషన్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. శిష్యుల శ్రమ ప్రధానంగా రైట్ వృత్తికి తోడ్పడుతున్నదని, కనుక ఈ ఆస్తిని విద్యాసంస్థ ఆస్తిగా పరిగణించలేమని ఆ తీర్పు సారాంశం. రైట్ తీవ్రంగా గాయపడ్డారు. విస్కాన్సిన్‌ను విడిచిపోతానని ప్రకటించారు. మరుసటి ఏడాది మాడిసన్‌లో మిత్రులు విందు ఏర్పాటుచేసి, పన్ను బకాయికి నిధులు సేకరించి ఇచ్చాక ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. న్యాయస్థానం చూసిన కోణం తప్పనలేము: డబ్బు ఎటు ప్రవహిస్తోంది, పటాల మీద ఎవరి సంతకం ఉంది అని చూస్తే అది ఒక వాస్తుశిల్పి కార్యాలయమే. కానీ బోధన ఎక్కడ జరుగుతోంది అని వెతికితే, వంటశాల నుంచి గని దాకా బోధన లేని చోటు కనిపించదు. పన్ను చట్టానికి ఈ రెండింటిలో ఒకటే కావాలి. టాలియెసిన్ రెండూ ఒకేసారి కావడమే దాని ప్రత్యేకత. ఈ చిక్కు తీర్పుతో తీరలేదు, తరువాతి దశాబ్దాల్లో వేరే రూపాల్లో తిరిగి వచ్చింది.

రైట్ 1959 ఏప్రిల్ 9న ఫీనిక్స్‌లో మరణించారు. లోయలోని కుటుంబ ప్రార్థనామందిరం యూనిటీ చాపెల్ పక్కన ఆయనను ఖననం చేశారు. ఆ తరువాత ఒల్గివన్నా పావు శతాబ్దంపాటు సంస్థను గట్టి చేతితో నడిపారు. వెస్ పీటర్స్ నాయకత్వంలో పాత శిష్యులు టాలియెసిన్ అసోసియేటెడ్ ఆర్కిటెక్ట్స్ అనే కార్యాలయంగా ఏర్పడి, గురువు వదిలివెళ్లిన పనులను పూర్తిచేశారు. ఆ కార్యాలయం 2003 వరకు సాగింది. వారి నైపుణ్యాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే టాలియెసిన్‌ను దాటి తనదైన దారి వేసుకున్నవారంతా దాదాపుగా అక్కడి నుంచి వెళ్లిపోయినవారే: లాస్ ఏంజెలెస్‌లో జాన్ లాట్నర్, ఆర్కాన్సాలో ఫే జోన్స్, అరిజోనా ఎడారిలోనే ఆర్కోసాంటి అనే ప్రయోగాత్మక పట్టణాన్ని తలపెట్టిన పావొలో సొలేరి. గురువు చేతి కదలికను చూసి నేర్చుకునే విద్యలో, గురువు లేనప్పుడు మిగిలేది అనుకరణ. పాఠ్యక్రమం మనిషి రూపంలో ఉన్నందువల్ల ఆ మనిషితోనే దాని పెరుగుదల ఆగింది. 1985లో ఒల్గివన్నా మరణించినప్పుడు, ఆమె కోరిక మేరకు రైట్ అవశేషాలను విస్కాన్సిన్ సమాధి నుంచి తీసి, దహనం చేసి, అరిజోనాకు తరలించారు. లోయలోని బంధువులు, విస్కాన్సిన్ ప్రజలు దీనిని లోతైన గాయంగా భావించారు, వారి బాధ న్యాయమైనదే.

వాస్తుశిల్పిగా లైసెన్సు పొందాలంటే గుర్తింపు పొందిన పట్టా కావాలన్న నిబంధనలు బిగుసుకున్న కొద్దీ, పట్టాలు లేవని గర్వించిన సంస్థ పట్టాలిచ్చే విద్యాలయంగా మారక తప్పలేదు. 1980ల నుంచి గుర్తింపు, పాఠ్యప్రణాళిక, బోధకవర్గం ఏర్పడ్డాయి. ఎడారి ఆశ్రయాలు కట్టే అభ్యాసం, శీతకాలం అరిజోనాలో, వేసవి విస్కాన్సిన్‌లో గడిపే ఆనవాయితీ మాత్రం కొనసాగాయి. విద్యాలయం దానిని పోషించే ఫౌండేషన్ నుంచి స్వతంత్రంగా ఉండాలని గుర్తింపు మండలి పట్టుబట్టడంతో, 2017లో రెండూ చట్టపరంగా వేరయ్యాయి. 1954లో కోర్టు ముందు ఒకటేనని వాదించిన వాటిని ఇప్పుడు రెండుగా నిరూపించవలసి వచ్చింది. ఆస్తి, పేరు ఫౌండేషన్‌వి. విద్యార్థులు, పట్టా విద్యాలయానివి. 2020 జనవరిలో విద్యాలయం మూసివేత ప్రకటన వెలువడింది. రెండు పక్షాలూ భిన్నమైన కారణాలు చెప్పాయి. మార్చిలో విద్యాలయ పాలకవర్గం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నా ఫౌండేషన్‌తో ఒప్పందం కుదరలేదు. ఆ ఏడాదే విద్యార్థులు సొలేరి కట్టిన కోసాంటి, ఆర్కోసాంటి ప్రాంగణాలకు తరలిపోయారు. టాలియెసిన్ పేరును వదులుకుని ఆ సంస్థ ద స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌గా కొనసాగుతోంది.

దీనికి కొన్ని నెలల ముందే, 2019లో, రైట్ నిర్మాణాలు ఎనిమిదింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; వాటిలో రెండు టాలియెసిన్‌లూ ఉన్నాయి. గుర్తింపుతోపాటు సంరక్షణ సమస్య కూడా పెద్దదైంది. పచ్చి కలపతో, లోతు తక్కువ పునాదులతో, నేర్చుకుంటున్న చేతులు కట్టిన భవనాలివి. కప్పులు కారతాయి, గోడలు కుంగుతాయి. 1998లో గాలివానకు ఇంటి ముంగిట ఉన్న పెద్ద ఓక్ చెట్టు కప్పు మీద కూలింది. పైగా ఏ రూపాన్ని కాపాడాలన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. విస్కాన్సిన్ ఇంటికి రైట్ జీవితపు చివరి ఏడాది 1959 నాటి రూపాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. అది సహేతుకమైన ఎంపికే, ఎందుకంటే అంతకు ముందరి ఏ ఏడాదిని ఎంచుకున్నా ఆయన స్వయంగా చేసిన మార్పులను తీసివేయవలసి వస్తుంది. అరిజోనాలో ఎండకు చివికే కాన్వాసును రైట్ కాలంలోనే కొన్ని చోట్ల గాజుతో, ఆ తరువాత ప్లాస్టిక్ పలకలతో మార్చారు. అసలైన కప్పు అంటే ఆనాటి గుడ్డా, లేక కాలానుగుణంగా దానిని మార్చే అలవాటా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే.

ఈ చర్చలో విద్యాలయం లేని లోటు తెలుస్తుంది. 1932 తరువాత ఈ భవనాలు నిలబడినది ప్రతి ఏడూ కొత్త చేతులు వచ్చి కప్పు దించి, గోడ కట్టి, తప్పు చేసి, దిద్దుకున్నందువల్ల. ఆ పని నేడు వృత్తి నిపుణులు, సంరక్షణ ఇంజినీర్లు, విరాళాలు, సందర్శకుల టికెట్ల మీద ఆధారపడి సాగుతోంది. నాణ్యత పెరిగింది, ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. విద్యార్థులను తిరిగి ఆ స్థలంలోకి తీసుకురావాలంటే వారసత్వ చట్టాలు మార్పును ఎంతవరకు అనుమతిస్తాయో, కొత్త ఆశ్రయాలు కట్టుకోవడానికి ఏ భాగాన్ని కేటాయించవచ్చో, శ్రమకు వేతనమా, పట్టాకు లెక్కకొచ్చే విద్యాయూనిట్లా అన్నది ఎలా నిర్ణయించాలో ముందుగా రాతపూర్వకంగా తేల్చుకోవాలి. రైట్ ఈ మూడింటినీ తన ఇష్టం మీద వదిలేశారు, ఆయన తరువాత వచ్చినవారికి ఆ వెసులుబాటు లేదు.